పొద్దుటి మాత్ర

గురువారం పొద్దున ఎనిమిది గంటలకు బొల్లిగుట్ట ఠాణాలో, లాకప్ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఊచలకు అవతల గోపమ్మ గోడకు ఆనుకుని ఉంది. నిన్న సాయంత్రం ఐదింటికి ఆమెను అక్కడ పెట్టించింది నేనే. తాళం వేసింది సబ్ ఇన్‌స్పెక్టర్ ఎల్లేశం, నిజమే. తాళం వేయడానికి కావలసిన తెలివితేటలన్నీ సరఫరా చేసింది మాత్రం హైదరాబాదు నుంచి వచ్చిన డిటెక్టివ్ వెంకటయ్య, అంటే ఈ వెధవ.

కేసు చిన్నది. గోపమ్మ మొగుడు మారయ్య గొర్లకాపరి. మంగళవారం, అంటే ఏప్రిల్ పదిహేడు, తెల్లవారేసరికి చేని పక్కన మోటబావిలో శవమై తేలాడు. తమ్ముడు గాలయ్య నన్ను పిలిపించాడు. నేను వచ్చాను, చూశాను, మూడు గంటల్లో తేల్చేశాను.

నా వాదన ఇదీ. మారయ్యకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. దేవరకొండలో గుర్వయ్య అనే డాక్టరు ఇచ్చే మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాడు. మూడేళ్లుగా ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. ఈ నెల ఒకటిన ముప్పై మాత్రలు తెచ్చుకున్నాడు, సీసాలో పద్నాలుగు మిగిలాయి. పదహారు రోజులు, పదహారు మాత్రలు. మాత్ర తప్పని మనిషికి మూర్ఛ రాదు. మూర్ఛ రాని మనిషి తనకు తెలిసిన బావిలో తాను పడడు. బావి ఒడ్డున మడమల ఈడ్పులున్నాయి. కాబట్టి పెనుగులాట జరిగింది, ఎవరో తోశారు. ఆ ఎవరో ఎవరన్నది ఎల్లేశం వెతుక్కున్నాడు. పక్కింటి అండాలు రెండు మాటలు చెప్పింది. వారం కింద గోపమ్మ మొగుడితో గొడవపడి "సస్తవ్" అని అరిచిందట. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి సద్దిముంత పట్టుకుని చేనికి వెళ్లిందట. ఇంకేం కావాలి?

రాత్రి బసలో పంచనామా మళ్లీ చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "నాలుక కుడి అంచు తెగి ఉన్నది." నిన్న ఆ వాక్యాన్ని నేను చదివాను. బావి రాయి తగిలి ఉంటుందిలే అని పేజీ తిప్పేశాను. ముప్పై ఏళ్ల అనుభవమున్న నేను అలా పేజీ తిప్పినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

"గోపమ్మా, ఒక్క సంగతి అడుగుడు మరిచిన" అన్నాను.

"ఇంకేం మిగిలింది సారూ. నిన్న నువ్వే గద అన్ని చెప్పినవ్." ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"మారయ్యకు గోలి ఏ యాళ్లకిచ్చేదానివి?"

ఆమె తల ఎత్తింది. "రాత్రిపూట. బువ్వ తిన్నంక. డాక్టరు సారు గట్లనే చెప్పిండు."

"రోజూ రాత్రేనా?"

"పదో తారీకు దాక రాత్రే. పదకొండు సంది పొద్దుగాల ఇచ్చిన."

"ఎందుకు మార్చినవ్?"

"మంద పండబెట్ట పోతుండె గద."

ఎండాకాలం పంట తీసిన చేలలో గొర్ల మందను రాత్రుళ్లు పడుకోబెడతారు. నేలకు ఎరువు దొరుకుతుంది, కాపరికి రైతు జొన్నలు కొలుస్తాడు. తోడేళ్ల భయం కనుక కాపరి రాత్రంతా మేలుకుని, తెల్లవారాక ఇంటి నుంచి తెచ్చిచ్చిన సద్ది తిని, ఇంటికొచ్చి పడుకుంటాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ దాన్ని మాత్రల సీసాతో కలిపి చూడలేదు.

"ఆ గోలి ఏస్కుంటే మనిషి మొద్దోలె పంటడు సారూ" అంది గోపమ్మ. "తోడేలొచ్చి గొర్రెను గుంజుకపోయినా లేవడు. అందుకని పొద్దుగాల సద్ది తిన్నంక ఇచ్చిన. దినానికి ఒక గోలి పడాలె, గంతే గద. రాత్రి పడితేంది, పొద్దుగాల పడితేంది. కడుపులకే గద పోయేది."

"ఆయన ఒప్పుకున్నడా?"

"మందల ఉన్నన్ని దినాలు అసలే వద్దన్నడు. నేనే ఒర్రిన. ఏస్కోకుంటే సస్తవ్ అన్న. అండాలు ఇన్నది గదే మాట."

"నిన్న ఈ ముచ్చట ఎందుకు చెప్పలే?"

"నువ్వు గోలీలు లెక్కబెట్టినవ్ సారూ. ఎప్పుడిచ్చినవని అడగలే."

నేను లేచాను. అప్పటికి ఆమె చెప్పినదాని అర్థం నాకు పూర్తిగా తెలియదు. పప్పులో కాలేశానని మాత్రం తెలిసింది. ఎల్లేశం బయట అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. "మూడున్నర బస్సుకు మేజిస్ట్రేటు కాడికి తోల్కపోవాలె సాబ్. ఏమన్న ఉంటే అంతట్ల చూస్కోండ్రి" అన్నాడు. నిన్నంతా నన్ను మెచ్చుకున్న మనిషే.

తొమ్మిదిన్నరకు బావి దగ్గరికి చేరాను. గాలయ్య కుంటుకుంటూ వచ్చాడు. నెల కింద తుమ్మముల్లు దిగి చీము పట్టిన పాదానికి గుడ్డకట్టు ఉంది. నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"అన్నను ఎవరు సంపిన్రో చూడుమన్న సారూ. మా వదినెను పట్టుకపొమ్మని నేనన్ననా?"

"మంద ఏడ పండబెట్టిండో చూపెట్టు" అన్నాను.

చేనిలో మంద చుట్టూ కట్టే వల ఇంకా ఉంది. గొర్లను మాత్రం తోలుకుపోయారు. వలను నేలకు పట్టి ఉంచేవి గూటాలు. నేను చేనంతా నడిచాను. బావికి దూరంగా ఉన్న సగంలో పెంట దట్టంగా పరుచుకుని ఉంది. దాని పక్కన, బావి వైపు, నేల దాదాపు శుభ్రంగా ఉంది. వల ఒక వైపు మాత్రమే ఈ శుభ్రమైన నేల మీదికి జరిగి ఉంది. మూడు గూటాలు కొత్తచోట దిగబడి ఉన్నాయి. నాలుగోది బావి ఒడ్డున పడి ఉంది. పక్కనే దాన్ని కొట్టే రాయి.

"ఇదేంది గాలయ్యా, వల ఒక్క దిక్కే జరిగింది?"

"రాత్రికి ఒకపారి మంద మలుపుతం సారూ. ఒక్కతాననే పండబెడితే పెంట అంత ఒక్కతాననే పడ్తది, చేను పటేలు ఒప్పుకోడు. నడిజాముకు లేపి పక్క జాగాల పండబెడ్తం." అని ఆగాడు. "అన్న మలుపుతనే పడ్డడు."

"నడిజాముకేనా? తెల్లారగట్ల గాదా?"

"తెల్లారగట్ల మలిపేటోడు కాపరే గాదు సారూ. మళ్ల పండనీక యాళ్లేది?"

మలిపిన మంద రెండో జాగాలో తెల్లవార్లూ పడుకుని ఉంటే అక్కడా అంతే పెంట ఉండాలి. లేదు. అంటే మందను మలపడం మొదలైంది కానీ పూర్తి కాలేదు. మారయ్య పడింది రాత్రి పన్నెండు, ఒంటిగంట మధ్య. అండాలు గోపమ్మను చూసింది నాలుగింటికి. అప్పటికి మారయ్య మూడు గంటలుగా నీళ్లలో ఉన్నాడు.

బావి ఒడ్డుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. సోమవారం సాయంత్రం మోట తోలారు, తొట్టి పక్కన నీళ్లు పొర్లి బురదైంది. ఆ బురద ఇప్పుడు ఇటుకలా ఎండిపోయి, అచ్చులన్నీ భద్రంగా దాచి ఉంచింది. శవాన్ని అవతలి ఒడ్డు నుంచి తీశారు కనుక ఇటు ఎవరూ తొక్కలేదు. నిన్న నేను నిలబడి చూసి పెనుగులాట అన్నాను. ఇవాళ వంగి చూశాను. రెండు మడమలు. ఆ రెండే. జానెడు పొడవున ఒకదాని మీద ఒకటిగా పదీ పదిహేను గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. తోసేవాడు ఉంటే వాడి కాలివేళ్లు నేలలో దిగి ఉండాలి, ఎదురుగా ఇంకో రెండు పాదాలు ఉండాలి. ఒక్క అచ్చు లేదు. వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుని, కొట్టుకుంటూనే ఒడ్డు దాటిపోయిన మనిషి గుర్తులవి.

చూడడం చేతనైన వాడినని నలుగురిలో పేరున్న నేను, వంగడానికి బద్ధకించి ఒక ఆడమనిషిని లాకప్‌లో పెట్టించాను.

"నా కాలు మంచిగుంటే గీ మందకు నేనొస్తుంటి" అన్నాడు గాలయ్య, బావిలోకి చూస్తూ. "మూడేండ్ల సంది రాత్రుళ్లు నేనే కాస్తున్న. అన్నను ఒక్కనాడు పంపలే. ఈయేడే."

మిట్టమధ్యాహ్నం దేవరకొండలో గుర్వయ్య డాక్టరు ఇంట్లో ఉన్నాను. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ముందుగదిలో ఒక బల్ల, ఒక బీరువా, ఆయన చేతిరాత చీటీలు అంటించిన సీసాలు. మారయ్య సీసాలోని మాత్ర ఒకటి తీసి గోరుతో గీకి, నాలుక మీద పెట్టుకుని చూశారు.

"నేనిచ్చినదే. నకిలీ గాదు" అన్నారు.

గోపమ్మ లాకప్‌లో ఉందని చెప్పి, పంచనామాలోని నాలుక సంగతి చదివి వినిపించాను. "రాయి తగిలితే పెదవి చిట్లుతది, పన్ను ఊడుతది" అన్నారు. "నాలుక అంచు తెగిందంటే దవడలు బిగుసుకున్నయన్నట్టు. మూర్ఛే. కానీ గోలి తప్పకుంటె ఎట్లొచ్చె?"

"తప్పలేదు డాక్టరు గారు. పదకొండో తారీఖు నుంచి రాత్రికి బదులు పొద్దున వేసుకున్నాడు."

ఆయన మాత్రను బల్ల మీద పెట్టారు. లేచి, బీరువా అడుగు అరలోంచి నల్లట్ట నోటుబుక్కు ఒకటి తీసి నా ముందు పెట్టారు.

"నారాయణపేటల పనిచేసేటప్పుడు మొదలుపెట్టిన. ఇద్దరన్నదమ్ములు, మగ్గం నేసేటోళ్లు. ఒకటే జబ్బు, ఒకటే గోలి, ఇంచుమించు ఒకటే బరువు. పెద్దోడు రాత్రి ఏసుకునేది, చిన్నోడు పొద్దుగాల మగ్గమెక్కే ముందు. పెద్దోనికి ఏడాదిల ఒక్కసారి మూర్ఛొచ్చింది, చిన్నోనికి తొమ్మిదిసార్లు. ఎందుకో నాకు అంతుపట్టలే. ఇద్దరికీ యాళ్లలు మార్చిన. మరుసటేడు చిన్నోడు బాగున్నడు, పెద్దోడు పడుడు మొదలుపెట్టిండు. మళ్ల ఇద్దరికీ రాత్రే చేసిన."

పేజీలు తిప్పాను. తొమ్మిదేళ్లు, ఇరవై ముగ్గురు రోగులు. పేరు, మాత్ర వేళ, మూర్ఛ వచ్చిన తారీఖు.

"రక్తంల తిరిగే ప్రతీది మెదడులకు పోదు" అన్నారాయన. "నడుమ ఒక కంచె ఉంటది, అక్కరలేనిదాన్ని ఆపుతది. ఆ కంచె రోజంత ఒక్కతీరుగ ఉండదేమో, రాత్రి జర సందు ఇస్తదేమో అని నా అనుమానం. గొర్ల దొడ్డికి సాయంత్రం తడిక తీస్తరు సూడు, అట్ల. పొద్దుగాల ఏసిన గోలి రక్తంలనే తిరుగుతది, లోపలికి పోయేది తక్కువ. రుజువు లేదు. ఒకటే మందు ఒకటే మోతాదుల ఎలుకలకు పగలిస్తే ఒకతీరు, రాత్రిస్తే ఒకతీరు పనిచేస్తదని బయటిదేశపోళ్లు రాసిండ్రు. అది సదివినంక ధైర్యమొచ్చి, పట్నంల డాక్టర్ల సభల ఈ బుక్కు తీసుకపోయి మాట్లాడిన."

"ఏమన్నారు?"

"ఒక పెద్దాయన లేచి, మీ నేతగాళ్ల మెదడుకు గడియారం కట్టిండ్రా అన్నడు. అందరు నవ్విన్రు." ఆయన కూడా కొంచెం నవ్వారు. "అప్పటిసంది రాత్రే ఎందుకన్నది ఎవ్వలికి చెప్త లేను. రాత్రి ఏసుకో అంటున్న, అంతే. గోపమ్మకు అంతే చెప్పిన. ఎందుకో చెప్పి ఉంటే ఆమె మార్చకపోతుండె. నామోషీకి నోరు మూసుకున్న వెంకటయ్య గారు."

"ఆరు రాత్రులు నిద్ర లేకపోవడం వల్ల రాలేదా?"

"అది గూడ ఉంటది. నిద్ర చెడితే మూర్ఛకు తొవ్వ దొరుకుతది. ఆ తొవ్వకు అడ్డం గోలి ఉండాలె, ఆ యాళ్లకు లేదు. ఏది ఎంతనో నేను చెప్పలేను." నోటుబుక్కు నా చేతిలో పెడుతూ మళ్లీ అన్నారు. "ఇది ఆమెను విడిపియ్యనీకె పనికొస్తె తీస్కపో. ఆమెకు మాత్రం చెప్పకు. మొగనికి గోలి ఇచ్చిన చెయ్యి అది."

చెప్పనని మాట ఇచ్చాను. ఇచ్చినప్పుడు నిజంగానే అనుకున్నాను.

మూడు గంటలకు ఠాణాకు వచ్చేసరికి ఎల్లేశం కాగితాలు సంచిలో సర్దుతున్నాడు. లాకప్ గదికీ ఆయన బల్లకూ మధ్య నాలుగు గజాల దూరం. గోపమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

పెంట సంగతి, గూటాల సంగతి, మడమల సంగతి వరసగా చెప్పాను. ఎల్లేశం వినలేదని అనను. విన్నాడు. వినేకొద్దీ మొహం బిగుసుకుంది.

"నిన్న పెనుగులాట అన్నరు. ఇయ్యాల మూర్ఛ అంటున్నరు. రేపేమంటరు సాబ్?"

"నిన్న తప్పు చెప్పిన."

"మీరు తప్పు చెప్తరని నాకెట్ల తెలుస్తది? మీ మాట పట్టుకుని కేసు కట్టిన. పైకి వైర్‌లెస్ పంపిన." బల్ల మీదికి వంగాడు. "నాలుగింటికి పోయిన మనిషి నడిజాముకు గూడ పోయి ఉండొచ్చు."

"రెండు కోసులు పోయి, మొగుణ్ణి సంపి, ఇంటికొచ్చి, మళ్ల సద్ది పట్టుకుని పోయిందా? ఏ పాదాలతోని పోయింది? బురదల ఆమె అచ్చు చూపెట్టు."

"సరే, అచ్చు లేదు. ఒక్కదానికి జవాబు చెప్పుండ్రి. గోలీలు లెక్క సరిగ్గున్నయి. గోలి తప్పని మనిషికి మూర్ఛ రాదు. గీ మాట ఎవరిది?" వేలు నా ఛాతీ వైపు చూపించాడు. "మీదే. పంచులు, జవాన్లు, అందరి ముంగట అన్నరు. ఇప్పుడెట్లొచ్చె మూర్ఛ? పెద్ద డిటెక్టివ్ అని గాలయ్య పిలిపించె. ఒక్క సవాలుకు జవాబు లేకపాయె."

అరుగు మీది జవాన్లిద్దరూ ముసిముసిగా నవ్వారు. అప్పుడు నేను చేయవలసిన పని ఒకటే. ఎల్లేశం భుజం మీద చెయ్యి వేసి, బయటికి తీసుకుపోయి, చెవిలో చెప్పడం. నాలుగు అడుగులు నడిస్తే సరిపోయేది. ఆ నవ్వుకు నాకు మండింది. నేను కూర్చున్నచోటే నోటుబుక్కు తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాను.

"లెక్క సరిగ్గనే ఉన్నది ఎల్లేశం. యాళ్ల సరిగ్గ లేదు" అన్నాను, గది నిండా వినపడేలా. "పదో తారీఖు దాక రాత్రి ఏసుకున్నడు, బాగున్నడు. పదకొండు సంది పొద్దుగాల ఏసుకున్నడు, ఆరో రాత్రి పడ్డడు. అదే గోలి రాత్రి ఏసుకుంటే మెదడుకు అందుతది, పొద్దుగాల ఏసుకుంటే అందదు. ఇరవై ముగ్గురి లెక్క ఉన్నది ఇందుల. రోగులు, తారీఖులు, సంతకం. సదువుకో. మారయ్యను ఎవ్వరూ తొయ్యలే. గోలి యాళ్ల మార్చుడే ఆయన పానం తీసింది."

గుర్వయ్య గారి 'ఏమో'లన్నీ, 'అనుమానం' అన్న మాటలన్నీ నేను మింగేశాను. గెలవడానికి అవి అడ్డం.

ఎల్లేశం పుస్తకం తిప్పాడు. రెండు పేజీలు, నాలుగు పేజీలు. జవాన్ల నవ్వు ఆగింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, "మేజిస్ట్రేటుకు యాక్సిడెంట్ అని రాసిస్త. ఆయన ఎదుటనే విడిపిస్త" అన్నాడు. నాకు ఛాతీ పొంగింది. ఆ సంగతి దాచుకోను. అర నిమిషం పాటు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

"రాత్రి ఇస్తే బతుకుతుండెనా సారూ?"

వెనక్కి తిరిగాను. గోపమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"అట్ల చెప్పలేం గోపమ్మా. నిద్ర లేకపాయె, ఎండలాయె, డాక్టరు కూడ గట్టిగ చెప్పలేడు..."

"ఇప్పుడే గద గట్టిగ చెప్పినవ్."

నేను ఊచల దగ్గరికి వెళ్లాను. ఇంకేవో మాటలు చెప్పాను. నీ తప్పు కాదన్నాను, తెలియక చేసినదన్నాను, నేనే తొందరపడి మాట్లాడానన్నాను. ఆమె నా నోటి వైపు చూస్తోంది కానీ వింటున్నట్టు లేదు. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"వద్దే వద్దన్నడు సారూ. నేనే నోట్లె ఏసిన. ఆరు దినాలు, పొద్దుగాల పొద్దుగాల నేనే ఏసిన."

బయట బస్సు హారన్ మోగింది. జవాను తాళం తీశాడు. ఎల్లేశం సంచీ భుజానికి వేసుకుంటూ, పొద్దుటి కంటే మెత్తగా చెప్పాడు: "ఫికర్ చెయ్యకమ్మా. జడ్జి సాబ్ అడిగితే జరిగింది చెప్పు. మాపటికి ఇంట్ల ఉంటవ్."

"అడుగుతడా?"

"అడుగుతడు."

"అయితే చెప్త. నా మొగన్ని నేనే సంపిన అని చెప్త."

ఎల్లేశం నా వైపు చూశాడు. ఆ చూపులో ఈసారి పోటీ లేదు, భయం ఉంది. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటే చెల్లుతుంది. ఆయన రాసుకుని వేలిముద్ర వేయించుకుంటే, పెంటా గూటాలూ మడమలూ ఏవీ దాన్ని చెరపలేవు. ఆమె దాన్ని మార్చి చెప్పే మనిషి కూడా కాదు.

గడప దాటి రెండడుగులు వేసి గోపమ్మ ఆగింది. నా కోసమే ఆగింది.

"నువ్వు గూడ రా సారూ" అంది, చుట్టాన్ని పిలిచినట్టు నెమ్మదిగా. "నేను సదువుకున్నదాన్ని గాను. గోలి ముచ్చట నాకు మంచిగ చెప్పరాదు. నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతరు."